పెట్టె మీద అంకె చదువుదాం

(విశాఖపట్నంలో మత్స్యకార మహిళల సమావేశంలో ఒక అక్క చేసిన ప్రసంగం)

అక్కలారా, చెల్లెళ్ళారా, పెద్దమ్మలారా!

ఈరోజు నేను బోటు ఇంజను గురించి మాట్లాడతాను. ఇంజనులో కూడా ఒక చిన్న సామాను గురించే. దాని పేరు డీజిల్ ఫిల్టరు.

కొందరు నవ్వుతున్నారు. "ఇంజను సంగతి మనకెందుకే? అది మగాళ్ళ పని" అని వెనక నుంచి ఒక పిన్ని అంది. నాకు వినపడింది. పిన్నీ, ఒకప్పుడు నేనూ అదే మాట అన్నాను. ఆ మాట నాకు ఎంత ఖరీదు పెట్టిందో ముందు చెబుతాను. ఆ తరవాత మీరే చెప్పండి, అది మన పనో కాదో.

మా ఇంట్లో జరిగిన సంగతి

మా బోటు పాతది. దాని ఇంజను ఇంకా పాతది. ఆరు సిలిండర్ల ఇంజను. లారీ ఇంజను లాంటిదే, బోటుకి తగినట్టు మార్చారు. మన హార్బరులో చాలా బోట్లకి ఇలాంటివే ఉన్నాయి.

ఆ ఏడాది వేట నిషేధంలో ఇంజను బాగు చేయించాం. ఫిల్టర్లు కూడా కొత్తవి వేయించాం. ఒక ఫిల్టరు అదనంగా కొని తెచ్చాడు మా ఆయన. సముద్రం మీద అవసరం పడుతుందని. ఆ పెట్టెను మా ఇంట్లో గూట్లో పెట్టాడు.

ఆ పెట్టె పది రోజులు గూట్లోనే ఉంది. నేను రోజూ దాని పక్కనే దీపం పెట్టాను. రోజూ చూశాను. దాని మీద అంకెలు ఉన్నాయి. అప్పటికే నేను చదువుల కేంద్రానికి వెళ్తున్నాను. అంకెలు చదవడం నాకు వచ్చు. కానీ చదవలేదు. అది నా పని కాదనుకున్నాను.

నిషేధం అయిపోయింది. బోటు వేటకెళ్ళింది. ఏడుగురు మనుషులు. మా ఆయన, మా మరిది, అయిదుగురు కలాసీలు.

మూడో రోజు రాత్రి గాలి లేచింది. సముద్రం పొంగింది. బోటు ఊగింది. ట్యాంకు అడుగున ఏళ్ళ తరబడి పేరుకున్న మడ్డి పైకి లేచింది. ఆ మడ్డి వచ్చి ఫిల్టరులో పడింది. ఫిల్టరు మూసుకుపోయింది. ఇంజను దగ్గింది. ఆగిపోయింది.

మా మరిది అదనపు ఫిల్టరు తీశాడు. పెట్టె చింపాడు. పాతది విప్పి కొత్తది పెట్టాడు. అది కూర్చోలేదు. వేలు మందం పొట్టిగా ఉంది. చూడడానికి రెండూ ఒకలాగే ఉన్నాయి. కానీ ఒకటి కాదు.

చీకటి. చేతిలో బ్యాటరీ లైటు. కింద ఊగే బోటు. ఫిల్టరు విప్పినప్పుడు గొట్టాలలోకి గాలి చేరింది. ఆ గాలి తీయడానికి తెల్లవారింది. అంతసేపూ బోటు అలల మీద అటూ ఇటూ కొట్టుకుంది. లంగరుకి అడుగు అందలేదు.

వేరే దారి లేక, ఆ పొట్టి ఫిల్టరుతోనే ఇంజను నడిపి ఇంటికి వచ్చారు. గంగమ్మ తల్లి దయ. ఏడుగురూ వచ్చారు.

కానీ కథ అక్కడ అయిపోలేదు. పొట్టి ఫిల్టరు పక్క సందుల్లోంచి మడ్డి డీజిల్ నేరుగా పంపులోకి పోయింది. నెల తిరగకుండా డీజిల్ పంపు పాడైంది. నాజిళ్ళు పాడయ్యాయి. బాగు చేయడానికి 42 వేల రూపాయలు అయింది. 12 రోజులు వేట పోయింది. నా మెడలో గొలుసు తాకట్టుకి పోయింది.

తరవాత నేను పాత ఫిల్టరు మీద అంకె చూశాను. చిరిగిన పెట్టె మీద అంకె చూశాను. రెండూ పక్కపక్కన పెట్టి చదివాను. అన్ని అంకెలూ ఒకటే. చివరి అంకె ఒక్కటే తేడా.

ఒక్క అంకె, అక్కలారా! ఆ అంకె పది రోజులు నా కళ్ళ ముందు ఉంది.

అందుకే ఈరోజు మీ ముందు నిలబడ్డాను.

డీజిల్ ఎలా పని చేస్తుంది?

డీజిల్ అనేది ఒక మనిషి పేరు. ఆయన రుడాల్ఫ్ డీజిల్. జర్మనీ దేశపు ఇంజనీరు. 1897లో ఆయన చేసిన ఇంజను బాగా పని చేసింది. ఆయన పేరే ఇంజనుకీ, నూనెకీ వచ్చింది. మన దేశంలో 1950 తరవాత మర పడవలు పెరిగాయి. కేరళలో నీండకర దగ్గర నార్వే దేశం సాయంతో ఒక పథకం నడిచింది. ఆ పథకంలో జాలర్ల పడవలకు ఇంజన్లు పెట్టారు.

ఈ ఇంజనులో నిప్పురవ్వ వేసే ప్లగ్గు ఉండదు. లోపల గాలిని గట్టిగా నొక్కుతుంది. నొక్కిన గాలి బాగా కాగిపోతుంది. సరిగ్గా అప్పుడు నాజిల్ డీజిల్‌ను మంచులాగా చిమ్ముతుంది. అది అంటుకుంటుంది. ఇంజను తిరుగుతుంది.

అలా చిమ్మాలంటే డీజిల్‌కి చాలా ఒత్తిడి కావాలి. ఆ ఒత్తిడి ఇచ్చేది డీజిల్ పంపు. పంపు లోపల ఒక ఉక్కు కడ్డీ, ఒక ఉక్కు గొట్టంలో పైకీ కిందికీ ఆడుతుంది. ఆ రెండిటి మధ్య సందు ఎంతో తెలుసా? రెండు మూడు మైక్రాన్లు.

మైక్రాన్ అంటే ఏమిటి? స్కేలు మీద చిన్న గీతలు ఉంటాయి కదా. ఒక గీతకీ ఇంకో గీతకీ మధ్య ఒక మిల్లీమీటరు. దానిని వెయ్యి భాగాలు చేస్తే, అందులో ఒక భాగం ఒక మైక్రాన్. మన తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. అంటే పంపులో సందు వెంట్రుక కన్నా చాలా చాలా సన్నం. అక్కడికి ఇసక రేణువు వెళ్తే ఏమవుతుంది? ఉక్కు గీసుకుపోతుంది. ఒత్తిడి తగ్గిపోతుంది. ఇంజను పొగ కక్కుతుంది. డీజిల్ ఎక్కువ తాగుతుంది.

"ముసలి ఇంజను, ఏది పోసినా తాగుతుంది" అంటారు కొందరు. అది తప్పు. పాత ఇంజనుకైనా పంపు సన్నదే. మురికి పోస్తే చెడిపోతుంది.

డీజిల్‌లో మురికి ఎక్కడిది?

బంకులో పోసిన డీజిల్ శుభ్రంగానే కనిపిస్తుంది. మరి మురికి ఎలా వస్తుంది?

ఒకటి, డ్రమ్ముల నుంచి. తుప్పు పట్టిన డ్రమ్ములో తెస్తే తుప్పు వస్తుంది.

రెండు, ట్యాంకు మూత నుంచి. మూత రబ్బరు పాడైతే వాననీరు, ఉప్పునీరు లోపలికి దిగుతుంది.

మూడు, గాలి నుంచి. సగం ఖాళీగా ఉన్న ట్యాంకులో తేమ గాలి ఉంటుంది. రాత్రి చల్లబడితే ఆ తేమ నీటిబొట్లు అవుతుంది. అన్నం గిన్నె మూత లోపల నీళ్ళు పట్టినట్టే.

నాలుగు, సూక్ష్మజీవుల నుంచి. డీజిల్ కన్నా నీరు బరువు. పులుసు మీద నూనె తేలినట్టు, నీటి మీద డీజిల్ తేలుతుంది. నీరు అడుగుకి చేరుతుంది. నీరూ డీజిలూ కలిసే చోట కంటికి కనపడని జీవులు పెరుగుతాయి. నల్లటి జిగురు కడతాయి. ఆ జిగురు ఫిల్టరుని మూసేస్తుంది.

సముద్రం బాగున్నప్పుడు ఈ మడ్డి అంతా అడుగున పడుకుని ఉంటుంది. తుపాను గాలి వచ్చినప్పుడు లేస్తుంది. అంటే ఇంజను ఎప్పుడు ఆగకూడదో అప్పుడే ఆగుతుంది. లారీ ఇంజను ఆగితే డ్రైవరు దిగి రోడ్డు పక్కన నిలబడతాడు. బోటు ఇంజను ఆగితే మనవాళ్ళు ఎక్కడ దిగుతారు?

ఫిల్టర్లు ఎన్ని? ఎక్కడ?

డీజిల్ వెళ్ళే దారి చెబుతాను. వేళ్ళ మీద లెక్కపెట్టండి.

ట్యాంకు మొదటిది. నీళ్ళ ఫిల్టరు రెండవది. ఫీడు పంపు మూడవది. ఇంజను మీద ఉన్న ఫిల్టరు నాలుగవది. డీజిల్ పంపు అయిదవది. ఆ తరవాత నాజిళ్ళు.

ఇందులో ఫిల్టర్లు రెండు చోట్ల ఉన్నాయి. ట్యాంకుకీ ఫీడు పంపుకీ మధ్య ఒకటి. దానిని నీళ్ళ ఫిల్టరు అంటాం. వాటర్ సెపరేటర్ అని కూడా అంటారు. ఇది నీటినీ పెద్ద మురికినీ ఆపుతుంది. దీనికి అడుగున గిన్నె ఉంటుంది. గిన్నె కింద చిన్న కుళాయి ఉంటుంది.

రెండవ చోటు ఇంజను మీద. పాత ఇంజన్లకి చాలా వాటికి ఇక్కడ రెండు డబ్బాలు పక్కపక్కన ఉంటాయి. మొదటి దానిలో బట్ట ఫిల్టరు. రెండవ దానిలో కాగితం ఫిల్టరు. బట్టది ముతక మురికి ఆపుతుంది. కాగితంది సన్నది ఆపుతుంది. వాటిని తారుమారు చేయకూడదు. మనం వడ్లు చెరిగి, తరవాత బియ్యం ఏరతాం. ముందు బియ్యం ఏరి తరవాత వడ్లు చెరుగుతామా?

లారీకి ఇంజను మీది ఫిల్టర్లతో సరిపోవచ్చు. బోటుకి సరిపోదు. ఎందుకంటే మన చుట్టూ ఉప్పునీరు. ఉప్పునీరు పంపులోకి పోతే తుప్పు పడుతుంది. నాజిల్‌లోకి పోతే ఆ వేడికి నీరు ఒక్కసారి ఆవిరై, నాజిల్ మూతి దెబ్బతింటుంది. కాబట్టి మీ బోటుకి నీళ్ళ ఫిల్టరు లేకపోతే, అన్నిటికన్నా ముందు అది పెట్టించండి.

వల కన్ను, ఫిల్టరు కన్ను

కొట్టుకెళ్తే ఫిల్టరు పెట్టె మీద అంకె వేసి ఉంటుంది. 30 మైక్రాన్లు, 10 మైక్రాన్లు, 2 మైక్రాన్లు అని. ఏది తీసుకోవాలి?

దీనిని మనం సులువుగా తెలుసుకోవచ్చు. మనకి వల కన్ను తెలుసు. పెద్ద కన్ను వలలో చిన్న చేప తప్పించుకుంటుంది. చిన్న కన్ను వలలో అన్నీ పడతాయి. ఫిల్టరు కూడా అంతే. అంకె పెద్దదైతే కన్ను పెద్దది. అంకె చిన్నదైతే కన్ను చిన్నది.

"అయితే 2 మైక్రాన్లదే కొందాం, మురికంతా పడుతుంది" అంటారా? ఆగండి. మరీ చిన్న కన్ను వల లాగితే ఏమవుతుంది? నాచు, బురద, పెంకులు అన్నీ పట్టి వల బరువెక్కుతుంది. బోటు ముందుకి పోదు. ఫిల్టరూ అంతే. ట్యాంకు పక్కనే మొదటి ఫిల్టరు మరీ సన్నదైతే రెండు రోజుల్లో మూసుకుపోతుంది. ఫీడు పంపు పీల్చలేదు. ఇంజనుకి డీజిల్ చాలదు.

అందుకే పాత ఇంజనుకి రెండు మెట్లు పెట్టుకోవాలి. ట్యాంకు దగ్గర ముతకది. 30 మైక్రాన్లది మంచి మొదలు. మడ్డి ఉన్న పాత ట్యాంకుకి ఇదే నయం. ట్యాంకు శుభ్రంగా ఉంటే 10 మైక్రాన్లది పెట్టవచ్చు. ఇంజను మీద మాత్రం ఇంజను పుస్తకంలో రాసిన ఫిల్టరే పెట్టాలి. అక్కడ మన ఇష్టం పనికిరాదు.

2 మైక్రాన్లది ఎవరికి కావాలి? చాలా ఎక్కువ ఒత్తిడితో, కంప్యూటరుతో నడిచే కొత్త రకం ఇంజన్లకి. అలాంటి ఇంజను ఉంటే దాని పుస్తకం ప్రకారం చేయాలి. పక్క బోటు వాళ్ళకి కొత్త ఇంజను ఉందని, వాళ్ళు కొన్న ఫిల్టరే మనమూ కొనకూడదు.

కొనేటప్పుడు ఏం చూడాలి?

ఒకటి. అంకె చూడాలి. ఫిల్టరుకి ఒక నంబరు ఉంటుంది. ఇంజను పుస్తకంలో ఉంటుంది. పాత ఫిల్టరు మీద కూడా ఉంటుంది. ఆ నంబరుని నోటుబుక్కులో రాసుకోండి. అక్షరం, అంకె, మధ్యలో గీత, అన్నీ రాసుకోండి. కొట్లో పెట్టె మీద నంబరుతో పోల్చండి. తరవాత పెట్టె విప్పించి ఫిల్టరు మీద నంబరు చూడండి. ఒక్కోసారి పెట్టె ఒకటి, లోపల సామాను ఒకటి ఉంటుంది.

రెండు. కొలత చూడాలి. పాత ఫిల్టరుని కడిగి, సంచిలో వేసుకుని కొట్టుకి తీసుకెళ్ళండి. ఎత్తు, వెడల్పు, మధ్య రంధ్రం పోల్చండి. తిప్పి బిగించే రకం అయితే మర కూడా పోల్చండి. నూనె ఫిల్టరు కూడా చూడడానికి ఇలాగే ఉంటుంది. డీజిల్ ఫిల్టరు చోట నూనె ఫిల్టరు పెట్టకూడదు.

మూడు. గంటకి ఎన్ని లీటర్లు పోనిస్తుందో చూడాలి. నీళ్ళ ఫిల్టరుకి ఇది ముఖ్యం. వంద హార్సుపవరు ఇంజను పూర్తి జోరులో నడిస్తే గంటకి సుమారు 20 లీటర్లు తాగుతుంది. కానీ ఫీడు పంపు అంతకన్నా చాలా ఎక్కువ పీలుస్తుంది. మిగిలింది వెనక్కి ట్యాంకులోకి పోతుంది. కాబట్టి తాగే లెక్క చూసి కొనకండి. అలాంటి ఇంజనుకి గంటకి 200 లీటర్లు పోనిచ్చే ఫిల్టరు అయితే నిబ్బరంగా ఉంటుంది. పెద్దది కొంటే నష్టం లేదు. మురికి పట్టే చోటు కూడా ఎక్కువ ఉంటుంది. చిన్నది కొంటేనే నష్టం.

నాలుగు. గిన్నె చూడాలి. గాజు గిన్నె అయినా, ప్లాస్టిక్ గిన్నె అయినా లోపల నీరు కనిపిస్తుంది. అది మంచిదే. కానీ ఇంజను గది వేడిగా ఉంటుంది. నిప్పు తగిలితే ప్లాస్టిక్ కరుగుతుంది. డీజిల్ కారితే మంట పెరుగుతుంది. అందుకని గిన్నె కింద ఇనప తొడుగు ఉన్నది తీసుకోండి. లేదా గిన్నే లోహంతో చేసినది తీసుకోండి. పొగ గొట్టానికి దూరంగా పెట్టించండి. కింద సీసా పెట్టడానికి చోటు వదలమని చెప్పండి. చోటు లేకపోతే రోజూ నీరు తీయడానికి ఎవరూ వంగరు.

అయిదు. మన దగ్గర దొరికేదే కొనాలి. ఇది పాత ఇంజన్లకి చాలా ముఖ్యం. ఎంత గొప్ప ఫిల్టరు అయినా, లోపలి కాగితం మన ఊళ్ళో దొరకకపోతే ఏం లాభం? విశాఖలో, కాకినాడలో, మచిలీపట్నంలో, నిజాంపట్నంలో, బోటు ఎక్కడికి వెళ్తే అక్కడ దొరికే రకం ఎంచుకోండి.

ఆరు. వాషర్లు చూడాలి. పెట్టెలో కొత్త రబ్బరు రింగులు, వాషర్లు ఉన్నాయో లేవో చూడండి. పాత రింగు మళ్ళీ వేస్తే సందు ఉంటుంది. ఆ సందులోంచి గాలి చేరుతుంది. గాలి చేరితే ఇంజను ఆగుతుంది.

డబ్బు ఉంటే ఇంకో మాట. రెండు నీళ్ళ ఫిల్టర్లు పక్కపక్కన పెట్టి, మధ్యలో తిప్పే పిడి ఉన్న రకం ఉంది. ఒకటి మూసుకుపోతే పిడి తిప్పుతారు. రెండవది పని చేస్తుంది. ఇంజను ఆగదు. పీల్చే జోరు చూపించే చిన్న మీటరు కూడా పెట్టుకోవచ్చు. ఫిల్టరు మూసుకుపోతున్న కొద్దీ దాని ముల్లు కదులుతుంది. ముందే తెలిసిపోతుంది.

కొట్లో ఎలా మాట్లాడాలి?

మొన్న నేను ఫిల్టరు కొనడానికి వెళ్ళాను. కొట్టు అబ్బాయి ఒక పెట్టె తీసి ఇచ్చాడు.

"బాబూ, నంబరు ఇది కాదు" అన్నాను.

"ఏటమ్మా, రెండూ ఒకటే. అందరూ ఇదే పట్టుకెళ్తారు" అన్నాడు.

"ఒకటే అయితే రెండు నంబర్లు ఎందుకు వేశారు బాబూ?"

అబ్బాయి మాట్లాడలేదు. సంచిలోంచి పాత ఫిల్టరు తీసి పక్కన పెట్టాను. నోటుబుక్కు చూపించాను. వాడు లోపలికెళ్ళి వేరే పెట్టె తెచ్చాడు. ఈసారి నంబరు కలిసింది. ఎత్తు కలిసింది. రింగులు ఉన్నాయి.

"బిల్లు రాయి బాబూ. నంబరు కూడా రాయి" అన్నాను.

రాశాడు. నంబరు రాసిన బిల్లు ఉంటే, సామాను తప్పైనప్పుడు మార్చమని అడగవచ్చు. బిల్లు లేకపోతే మనది వట్టి మాటే.

ధర మరీ తక్కువ అంటే అనుమానించండి. నకిలీ ఫిల్టర్లు వస్తున్నాయి. లోపల కాగితం మడతలు తక్కువ ఉంటాయి. జిగురు ఊడి వస్తుంది. అచ్చు అక్షరాలు మసకగా ఉంటాయి. కంపెనీ పేరులో ఒక అక్షరం తేడా ఉంటుంది. ఇప్పుడు మనకి చదువు వచ్చు కదా. ఆ అక్షరం పట్టుకుందాం.

రోజూ చేసే పని

మంచి ఫిల్టరు కొంటే సగం పనే అయింది. మిగతా సగం చెబుతాను. ఇంటికెళ్ళి మీవాళ్ళకి చెప్పండి.

పొద్దున్నే ఇంజను వేయక ముందు, నీళ్ళ ఫిల్టరు కింద సీసా పెట్టాలి. కుళాయి విప్పాలి. రాత్రంతా బోటు నిలకడగా ఉంది కాబట్టి నీరు అడుగుకి దిగి ఉంటుంది. ముందు నీరు వస్తుంది. తరవాత శుభ్రమైన డీజిల్ వస్తుంది. అప్పుడు కుళాయి కట్టాలి. ఆ మురికిని డబ్బాలో పొయ్యండి. సముద్రంలో పొయ్యవద్దు.

రోజూ నీరు ఎక్కువ వస్తోందా? అయితే ఫిల్టరుది తప్పు కాదు. ట్యాంకు మూతో, డ్రమ్మో, డీజిల్ తెచ్చిన చోటో చూడాలి.

కాగితం ఫిల్టరుని కడిగి మళ్ళీ వాడకూడదు. కడిగితే పైన తెల్లగా కనిపిస్తుంది. లోపల కాగితం చిరుగుతుంది. చిరుగు కన్ను పెద్ద కన్ను. మన వలకి చిరుగు పడితే చేప పోతుంది. ఫిల్టరుకి చిరుగు పడితే పంపు పోతుంది.

మూసుకుపోయిందని ఫిల్టరు తీసేసి ఇంజను నడపకూడదు. మావాళ్ళు తప్పనిసరై దాదాపు అదే చేశారు. 42 వేలు పోశాం.

ఫిల్టరు మార్చేటప్పుడు ముందు ట్యాంకు కుళాయి కట్టాలి. డబ్బా లోపల తుడవాలి. పీచు రాలని గుడ్డతో తుడవాలి. కొత్త రింగు వేయాలి. బిగించాలి. ట్యాంకు కుళాయి విప్పాలి. ఫిల్టరు మీద గాలి తీసే మర కొంచెం వదులు చేయాలి. ఫీడు పంపు మీద ఉన్న చేతి పంపు కొట్టాలి. మొదట బుడగలు వస్తాయి. బుడగలు ఆగి వట్టి డీజిల్ వచ్చాక మర బిగించాలి. ఇది ఒడ్డున పగటిపూట నేర్చుకోవాలి. తుపానులో చీకట్లో నేర్చుకోలేరు. బోటులో కనీసం ఇద్దరికి ఈ పని రావాలి.

ఎన్ని గంటలకి ఫిల్టరు మార్చాలో ఇంజను పుస్తకంలో ఉంటుంది. పాత ఇంజనుకి గంటల మీటరు పని చేయకపోవచ్చు. అప్పుడు మన నోటుబుక్కే మీటరు. ప్రతి ట్రిప్పుకీ ఇంజను ఎన్ని గంటలు నడిచిందో అడిగి రాయండి. కూడండి. కూడికలు మనం నేర్చుకున్నాం కదా!

నిషేధం రోజులు మనకి మంచి అదను

మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మర పడవల వేట నిషేధం. ఈ రోజుల్లోనే ట్యాంకు కడిగించాలి. పాత రబ్బరు గొట్టాలు పగిలి ఉంటే మార్పించాలి. ఫిల్టర్లు అన్నీ కొత్తవి వేయించాలి. కొత్తగా కొన్న అదనపు ఫిల్టరుని ఒడ్డునే ఒకసారి పెట్టి చూడాలి. కూర్చుంటే తీసి, కవరులో చుట్టి, మూత ఉన్న డబ్బాలో బోటులో పెట్టాలి. రెండు జతలు ఉంటే మంచిది. కూర్చోకపోతే కొట్టుకి తిరిగి పట్టుకెళ్ళాలి.

ట్యాంకు కడిగేటప్పుడు ఒక జాగ్రత్త. ట్యాంకు లోపల ఊపిరాడని గాలి ఉంటుంది. మనిషిని లోపలికి దించవద్దు. బీడీ, దీపం దగ్గరకి రానివ్వద్దు.

విశాఖపట్నంలో సిఫ్‌నెట్ అనే కేంద్ర ప్రభుత్వ శిక్షణ సంస్థ శాఖ ఉంది. అక్కడ బోట్ల ఇంజను పని నేర్పుతారు. చదువుకున్న మన పిల్లలకి ఆ సంగతి చెప్పండి.

ఇంకో అంకె కూడా నోటుబుక్కు అట్ట మీద పెద్దగా రాసుకోండి. 1554. ఇది కోస్టుగార్డు వారి నంబరు. సముద్రం మీద ఆపద వస్తే ఈ నంబరుకి ఫోను చేయాలి. బోటు పేరు, నంబరు, ఎంతమంది ఉన్నారు, ఏ దిక్కుకి వెళ్ళారు, ఇవి చెప్పాలి. అందుకే బోటు వెళ్ళే ముందు ఇవి కూడా రాసి పెట్టుకోండి.

"అక్కా, వాళ్ళు కోప్పడితే?"

ఇప్పుడే ఒక చెల్లెలు అడిగింది. "అక్కా, మా ఆయన్ని నంబరు అడిగితే కోప్పడతాడు. నాకు నేర్పుతావా అంటాడు. ఏం చేయాలి?" అని.

మంచి ప్రశ్న చెల్లీ. నేర్పుతానని అనవద్దు. "బోటు మనది. అప్పు మనది. వేటకెళ్ళేది నువ్వు. ఒడ్డున ఎదురు చూసేది నేను. ఒక్కసారి ఇద్దరం కలిసి చూద్దాం" అను. పాత ఫిల్టరు, కొత్త ఫిల్టరు పక్కపక్కన పెట్టు. అంకె నువ్వు చదువు. కొలత ఆయన్ని చూడమను. అప్పుడు అది ఇద్దరి పని అవుతుంది.

మా ఆయన మొదట్లో ముఖం ముడుచుకున్నాడు. ఇప్పుడు తనే "ఇదిగో, నంబరు చూడు" అని పెట్టె తెచ్చి నా ముందు పెడతాడు.

గుర్తుంచుకుందాం

1. నీళ్ళ ఫిల్టరు లేని బోటు ఉండకూడదు.

2. ట్యాంకు దగ్గర ముతక ఫిల్టరు. ఇంజను మీద పుస్తకంలో రాసిన ఫిల్టరు.

3. అంకె చిన్నదైతే కన్ను చిన్నది. మరీ చిన్న కన్ను పాత ఇంజనుకి మేలు కాదు.

4. నంబరు, కొలత, రింగులు చూసి కొనాలి. బిల్లు అడగాలి.

5. కాగితం ఫిల్టరు కడగకూడదు. ఫిల్టరు తీసేసి ఇంజను నడపకూడదు.

6. రోజూ పొద్దున్న నీరు తీయాలి.

7. అదనపు ఫిల్టరుని ఒడ్డునే పెట్టి చూసి, బోటులో ఉంచాలి.

అక్కలారా, మనం చేపల గంప ఎత్తగలం. బేరం చేయగలం. అప్పులాడి ముందు లెక్క చెప్పగలం. ఇప్పుడు చదవడం కూడా వచ్చింది. చదువు పుస్తకంలోనే ఉండిపోతే ఎలా? గూట్లో ఉన్న పెట్టె మీదికి కూడా రావాలి.

ఈ సాయంత్రం ఇంటికెళ్ళగానే ఒక్క పని చేయండి. మీ ఇంట్లోనో, బోటులోనో ఉన్న ఫిల్టరు పెట్టె తీయండి. దాని మీద అంకె చదవండి. నోటుబుక్కులో రాయండి. వచ్చే వారం కేంద్రానికి ఆ నోటుబుక్కు తీసుకురండి. అందరం కలిసి చూద్దాం.

నేను పది రోజులు చూసి చదవలేదు. మీరు ఈ రోజే చదవండి.